సైదాబీ కంట్లో పువ్వు

ఆ రోజు పొద్దున సైదాబీ కుడికంటి పైరెప్ప నుంచి కూతురు పీకిన వెంట్రుకలు నాలుగు. మామూలుగా రెండో మూడో ఉండేవి. పీకిన ప్రతిదాన్నీ కరీంబీ తన బొటనవేలి గోరు మీద పెట్టి తల్లికి చూపించాలి. మొదలుతో సహా వచ్చిందో లేదో సైదాబీ ముక్కు దాకా తెచ్చుకొని చూసుకునేది. మొదలు దగ్గర సన్నటి తెల్ల చుక్క ఉంటే మంచిది. లేకపోతే వెంట్రుక మధ్యలో తెగినట్టు. తెగిన మోడు రెండో రోజుకల్లా ముల్లులా లేచి కంట్లో గుచ్చుతుంది.

ఈ పని వాకిట్లో, వెలుతురు బాగా పడే చోట జరిగేది. కంసాలి దగ్గర అడిగి తెచ్చుకున్న శ్రావణం అనే సన్నటి పట్టుకారు, గిన్నెలో నీళ్ళు, అంతా అయ్యాక చల్లదనానికి సుర్మా. సుర్మా బుడ్డికి పుల్ల ఒక్కటే. ఆ పుల్లతో ముందు తల్లికి, తర్వాత కరీంబీకి, శుక్రవారమైతే చిన్నపిల్లలిద్దరికీ పెట్టేవాళ్ళు. కారిన నీళ్ళు తుడవడానికి అందరికీ సైదాబీ పైటకొంగే.

సైదాబీకి అప్పటికి నలభై రెండేళ్ళు. తిరువూరు బస్టాండు వెనక సందులో కాపురం. కమాలుద్దీన్ టైలరు దుకాణానికి ఇరవై ఏళ్ళుగా ఇంటి దగ్గరే చేతికుట్టు కుట్టేది. మిషను పని కమాలుద్దీన్ చూసుకునేవాడు. చొక్కాలకు కాజాలు, జాకెట్లకు హుక్కులు, ప్యాంట్ల అంచులు సైదాబీవి. కళ్ళు బాగున్న రోజుల్లో పొద్దు వాలేలోపు నలభై కాజాలు తీసేది. ఆమె కాజా వెనక్కి తిప్పి చూసినా ముందువైపులాగే ఉంటుందని కమాలుద్దీన్ కొత్త ఖాతాదారులకు చూపించి చెప్పుకునేవాడు. భర్త ఆజం బస్టాండు దగ్గర జట్కా తోలేవాడు. ముగ్గురు పిల్లల్లో పెద్దదైన కరీంబీకి పదిహేడేళ్ళు.

సైదాబీకి చిన్నప్పుడు ఏటా ఎండాకాలం కళ్ళు ఎర్రబడేవి. పుసులు కట్టి పొద్దున రెప్పలు అంటుకుపోతే తల్లి గోరువెచ్చని నీళ్ళతో విడదీసేది. ఆ సందులో పిల్లలందరికీ అంతే, ఎవరూ దాన్ని జబ్బు అనుకోలేదు. పెళ్ళయ్యాక ఎరుపు తగ్గింది. ముప్ఫై దాటాక రెప్పలు లోపలికి తిరగడం మొదలైంది. ముందు ఎడమది. వెంట్రుకలు బయటికి కాకుండా కంటి మీదికి వాలి, రెప్ప వేసినప్పుడల్లా నల్లగుడ్డును గీకేవి. కొంతకాలానికి ఆ నల్లగుడ్డు మీద పొగచూరిన గాజులా తెల్లటి మచ్చ కనిపించింది. ఊళ్ళో దాన్ని పువ్వు అంటారు.

డెబ్భై రెండు డిసెంబరులో హైస్కూల్లో కంటి శిబిరం పెట్టారు. జనం నోట్లో అది కేంపు. పక్కింట్లో కూతురి దగ్గర ఉండే పెనుగొలను పుల్లమ్మతో కలిసి సైదాబీ వెళ్ళింది. గేటు దాటి రోడ్డు మీదికి వచ్చిన వరసలో ఇద్దరూ మూడు గంటలు నిలబడ్డారు. బెజవాడ నుంచి వచ్చిన డాక్టరు టార్చి వేసి చూసి, ఏమీ మాట్లాడకుండా ఇంగ్లీషులో చీటీ రాసిచ్చేవాడు. ఆ చీటీ చదివి సంగతేంటో చెప్పే పని రిటైరైన సోషల్ మాస్టారు జగన్నాథరావుది. ఆయన అడిగి మరీ నెత్తిన వేసుకున్న పని అది. పొద్దుటి నుంచి నీళ్ళు కూడా తాగలేదు.

"పుల్లమ్మా, నీది శుక్లం. ఇంకా ముదరలేదు. పై ఏడు రా, తీసేస్తారు."

"పై ఏటికి నేనుంటానో పోతానో, కాస్త ఇప్పుడే పీకించండి మాస్టారూ."

"పచ్చికాయ కోస్తే ఏం లాభం? పండనీ."

తర్వాత సైదాబీ చీటీ ఇచ్చింది. మాస్టారు దాన్ని ఒకసారి చదివాడు. కళ్ళజోడు పైకి తోసుకొని మళ్ళీ చదివాడు. తలెత్తి ఆమె వెనక ఉన్న వరస చూశాడు.

"నీదీ అంతేనమ్మా. ముదరాలి. పూర్తిగా తెల్లబడ్డాక రా."

చీటీతో పాటు ఒక పూతమందు గొట్టం ఇచ్చారు. సైదాబీ చీటీని నాలుగు మడతలు పెట్టి సూదుల డబ్బాలో దాచుకుంది.

మరుసటి ఏడాది శిబిరంలో పుల్లమ్మకు శుక్లం తీశారు. సీసా అడుగంత మందం కళ్ళద్దాలు పెట్టుకొని, సందు మొదట్లో నిలబడి ఎవరి గోడ మీద ఎవరి మేక ఉందో పేరు పెట్టి చెప్పింది. సైదాబీ కూడా ఆ ఏడు వెళ్ళింది. గేటు దగ్గరే జగన్నాథరావు ఆమె కన్ను చూసి, "అప్పుడే వచ్చావేంటమ్మా, ఇంకా సగం నల్లగానే ఉంది గదా" అని వెనక్కి పంపాడు. దాంతో నమ్మకం కుదిరింది. పుల్లమ్మకు అదే మాట చెప్పారు, అదే జరిగింది.

అప్పటి నుంచి సైదాబీ ఎడమ కన్ను ముదరడం కోసం ఎదురుచూసింది. వారానికోసారి పుల్లమ్మ ఆమె గడ్డం పట్టుకొని ఎండకు తిప్పి చూసేది.

"ఊహూఁ. ఇంకా రంగు తిరగలా."

"ఏంది పుల్లమ్మొదినా, నువ్వు చూస్తావుంటే నాకు రెడ్డిగూడెం మామిడి తోటలో బేరం గుర్తొస్తంది."

"మరి? తోట బేరగాడికైనా ఇంత ఓపిక ఉండదు. ఆ మందు పుయ్యమాక. మందు పూస్తే పచ్చిగానే ఉండిపోద్ది."

సైదాబీ పూతమందు మానేసింది. అప్పటి దాకా అడపాదడపా అది వేసింది మొత్తం పది రోజులు. ఎడమ రెప్ప వెంట్రుకలు పీకించడం కూడా మానేసింది. పొడిస్తే పొడవనీ, త్వరగా తెల్లబడుతుంది అనుకుంది. ఏడాది గడిచేసరికి తెలుపు కనుపాప మీదికి వచ్చింది. రెండేళ్ళకు పాపలో సగం, డెబ్భై ఆరు ఎండాకాలానికి మొత్తం కప్పేసింది. వెలుతురు, చీకటి తప్ప ఆ కంట్లో ఇంకేమీ మిగల్లేదు. సైదాబీ అద్దం పట్టుకొని చూసుకొని సంతోషపడింది. డిసెంబరు శిబిరంలో తీస్తారని, తీశాక ఎడమ కంటితోనే కాజాలు కుడతానని కమాలుద్దీన్‌తో కూడా చెప్పింది. అప్పటికే కుడి రెప్ప కూడా లోపలికి తిరుగుతోంది. కుట్టు కుట్టాలి గనక ఆ కంటికి మాత్రం రోజూ వెంట్రుకలు తీయించుకునేది.

ఆ ఏడాది సెప్టెంబరు చివర రంజాను పండగ. పదిహేనో ఉపవాసం దాటాక కమాలుద్దీన్ దుకాణంలో నిలబడే చోటు లేదు. కుడికంటికి నాలుగు వెంట్రుకలు పీకిన ఆ పొద్దున అప్పటిదే. కరీంబీ రెండు మూటల చొక్కాలు తెచ్చి దించింది. ఇంకో మూట కోసం మళ్ళీ పోవాలి.

"అమ్మా, రోజూ ఒక్కోటి వెతికి పీకేసరికి పొద్దెక్కిపోతంది. రేపట్నుంచి కత్తెర్తో అంచుకి కత్తిరించేస్తా. పండగ దాకా."

"మొదలు ఉంటది గదే."

"పండగయ్యాక పీకుదాం. కాజాలు నువ్వు కుడతావా, రెప్ప పట్టుకొని కూచుంటావా?"

సైదాబీ సరేనంది. దారం కొసలు కత్తిరించే చిన్న కత్తెరతో కరీంబీ మరునాడు వరసగా కత్తిరించింది. ఒక్క నిమిషంలో పనైపోయింది. ఆ పూట హాయిగా ఉంది కూడా. మూడో రోజుకు మోళ్ళు లేచాయి. పొడుగు వెంట్రుక వంగుతుంది, మోడు వంగదు. రెప్ప వేసినప్పుడల్లా ఇసక పోసి రుద్దినట్టుంది. శ్రావణానికి అందేంత పొడుగు లేవు. సైదాబీ నీళ్ళు కారే కంటితోనే, ఉపవాసంతోనే, రెండు రోజుల్లో అరవై కాజాలు కుట్టింది. ఎక్కువభాగం వేలితో తడిమి కుట్టినవే.

ఆ చొక్కాల్లో ఒకటి ప్రభుదాసుది. తిరువూరు ప్రభుత్వాసుపత్రికి కళ్ళు పరీక్ష చేసే అసిస్టెంటుగా ఆ ఏడే బదిలీ మీద వచ్చిన మనిషి. చొక్కా విప్పి దుకాణం బల్ల మీద పరిచాడు.

"కమాలుద్దీన్ గారూ, ఈ మూడో కాజా చూడండి. చీలిక ఒకచోట, కుట్టు ఇంకోచోట. బొత్తాం పెడితే నా మెడ పక్కకి తిరుగుతోంది."

కమాలుద్దీన్‌కు తల కొట్టేసినట్టయింది. "ఇరవై ఏళ్ళలో మొదటిసారి సార్. పండగ తొందర." అక్కడే మూట కట్టుకుంటున్న కరీంబీ వైపు తిరిగాడు. "ఏమ్మా, మీ అమ్మ నిద్రపోతా కుట్టిందా?"

కరీంబీకి రోషం వచ్చింది. "నిద్రపోవడానికి కన్ను మూసుకుంటే గదా! మూస్తే గుచ్చుకుంటంది ఆమెకి."

ప్రభుదాసు చొక్కా మడత పెట్టడం ఆపాడు. "ఏం గుచ్చుకుంటోంది?" అని అడిగాడు.

ఆ సాయంత్రమే ఆయన సైకిలు సందులోకి వచ్చింది. ఆ ఎమర్జెన్సీ ఏడాది ఆసుపత్రి మనిషి ఇంటికి వస్తున్నాడంటే మగవాళ్ళు పెరటి దారి పట్టేవాళ్ళు. ముగ్గురు పిల్లలున్న వాళ్ళకు ఆపరేషన్ అనే మాటకు ఒకటే అర్థం, పిల్లలు పుట్టకుండా చేసేది. జట్కా విప్పి గుర్రానికి దాణా పెడుతున్న ఆజం, సైకిలు మీద సంచీ, సంచీ మీద ఎర్ర గుర్తు చూశాడు. తట్ట అక్కడే వదిలేసి వెనక గోడ దూకాడు.

ప్రభుదాసు సైదాబీని వాకిట్లో స్టూలు మీద కూర్చోబెట్టి టార్చి తీశాడు. అగ్గిపుల్ల అడ్డం పెట్టి కుడి పైరెప్ప తిరగేశాడు. లోపల ఎర్రగా నున్నగా ఉండాల్సిన చోట తెల్లటి గీతలు అడ్డంగా ఉన్నాయి. ఆ గీతలు రెప్పను లోపలికి లాగాయి, దారం బిగించి లాగితే బట్ట ముడుచుకుపోయినట్టు. రెప్ప అంచున కత్తిరించిన మోళ్ళు వరసగా ఉన్నాయి. భూతద్దంతో నల్లగుడ్డు చూశాడు. పై అంచు నుంచి సన్నటి ఎర్ర నరాలు పోగుల్లా కిందికి దిగుతున్నాయి. వాటి చుట్టూ పలచటి బూడిదరంగు పొర. కనుపాపకు ఇంకా బియ్యపుగింజంత దూరంలో ఆగింది.

తర్వాత ఎడమ కన్ను చూశాడు.

"దీనికి వెంట్రుకలు ఎప్పుడు తీయించారమ్మా?"

"దానికి తీయించట్లేదు సార్. ముదరనిస్తన్నాం."

"ఏం ముదరనిస్తున్నారు?"

"పువ్వుని. డిసెంబర్లో కేంపు పెడతారు గదా. ఈసారికి పండింది, తీసేస్తారు."

ప్రభుదాసు టార్చి ఆర్పాడు. "ఎవరు చెప్పారు?"

"కేంపులోనే చెప్పారు సార్. డాక్టరుగారు రాసిన చీటీ కూడా ఉంది."

సూదుల డబ్బాలోంచి చీటీ తీసి ఇచ్చింది. నాలుగేళ్ళలో మడతల దగ్గర చిరిగి, సూదుల తుప్పు అంటుకుంది. ప్రభుదాసు చదివాడు. అందులో మూడు ముక్కలున్నాయి. ఎడమ నల్లగుడ్డు మీద మచ్చ, శుక్లం కాదు. రెండు కళ్ళకూ పాత ట్రకోమా, అంటే రెప్పల లోపలి అంటుజబ్బు, పూతమందు ఆరు వారాలు వాడాలి. రెప్పల ఆపరేషనుకు బెజవాడ పంపాలి.

ఆయన ఆ మూడూ తెలుగులో చదివి వినిపించాడు. పక్కన గోడ మీద చెయ్యి ఆనించి నిలబడ్డ పుల్లమ్మ, "మళ్ళీ చదువు బాబూ" అంది. మళ్ళీ చదివాడు.

"శుక్లం కంటి లోపల, పాప వెనకాల వస్తుందమ్మా. పుల్లమ్మగారిది అదే. అది ముదిరితే తీస్తారు. నీది కంటి ముందు అద్దం మీద. చిన్నప్పటి జబ్బు రెప్పని మడత పెట్టింది, వెంట్రుకలు గీకి గీకి అద్దాన్ని పుండు చేశాయి. మానిన పుండు తాలూకు మచ్చ అది. పండదు."

"మరి ఎప్పుడు తీస్తారు?"

"తీసేది కాదు. పెద్ద ఊళ్ళలో చనిపోయినవాళ్ళ కంటి అద్దం తెచ్చి అతికే వైద్యం ఉంది. ఇన్ని నరాలు ఎక్కిన కంట్లో అది నిలవదు."

సైదాబీ ఒళ్ళో ఉన్న చొక్కాను అటూ ఇటూ తిప్పింది. "అంటే మురికి కాదు. ఇస్త్రీపెట్టె మాడ్చిన మచ్చ."

"అంతే."

"నాలుగేళ్ళు అద్దంలో చూసుకొని మురిసిపోయానే!" అంది. గొంతు పెంచలేదు. పుల్లమ్మ గోడ మీది నుంచి చెయ్యి తీసేసి ఇంట్లోకి వెళ్ళిపోయింది. ఆ తర్వాత నాలుగు రోజులు ఆ ఇంటి వైపు రాలేదు.

ప్రభుదాసు బల్ల మీద సుర్మా బుడ్డి చూశాడు. "ఈ పుల్ల ఎంతమందికి?"

"ఇంట్లో నలుగురం. శుక్రవారం సందులో పిల్లలొస్తే వాళ్ళకీ."

ఆయన కరీంబీని పిలిచి కూర్చోబెట్టి రెప్ప తిరగేశాడు. లోపల సగ్గుబియ్యం గింజలు పరిచినట్టు బుడిపెలు ఉన్నాయి. రెండో రెప్పా అంతే. చిన్నపిల్లలిద్దరిలో ఒకడికి ఉన్నాయి, ఒకడికి లేవు.

"మీ అమ్మకి నీ వయసులో ఇట్లాగే ఉండి ఉంటుంది" అన్నాడు.

"అయితే నాక్కూడా పువ్వొస్తదా?" అంది కరీంబీ.

"రాదు. మందు వేస్తే రాదు. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి, ఆరు వారాలు, ఒక్కపూట మానకుండా. ఎవరి తువ్వాలు వాళ్ళది. ఈ పుల్ల పారెయ్యండి."

"ఉపవాసాలు సార్" అంది సైదాబీ.

"సాయంత్రం ఇఫ్తారు అయ్యాక ఒకసారి, తెల్లారకముందు సహరీ తినేప్పుడు ఒకసారి వేసుకోండి. రెండు పూటలూ అయిపోతాయి."

వెనక గోడ మీద ఆజం తల కనిపించింది. "పోయాడా?" అన్నాడు లోగొంతుతో.

"ఇంకా ఉన్నానండీ, రండి" అన్నాడు ప్రభుదాసు.

ఆజం గోడ అవతలే నిలబడ్డాడు. "నాకు ముగ్గురే సార్. నాలుగోది లేదు, ఉండదు కూడా."

"నేను కళ్ళు చూసేవాణ్ణండి."

"ముందు అందరూ అట్లానే అంటారు. పోయిన నెల ఎద్దుల డాక్టరు అని చెప్పి ఒకాయన వచ్చాడు."

సైదాబీ కసిరింది. "ఏమయ్యా, నా కన్ను పోయిందంట, ఇటురా ముందు."

ఆజం వచ్చాడు. విన్నాడు. కుడికంటికైనా రెప్ప ఆపరేషన్ చేయించకపోతే ఏడాదిలోనో రెండేళ్ళలోనో అదీ ఎడమదానిలాగే అవుతుందని ప్రభుదాసు చెప్పాడు. ఆపరేషన్ అన్న మాట దగ్గర ఆజం మొహం మారింది.

"ఒక్క కన్ను ఉంది సార్. దాన్నీ కోసి పాడుచేస్తే? ఇప్పుడు కాజా వంకరగానన్నా కుడతంది. అప్పుడు నేను చెయ్యి పట్టుకొని నడిపించాలి."

"కన్ను కొయ్యరు. రెప్ప కోసి, అంచు బయటికి తిప్పి కుడతారు. అరగంట పని."

"ఆరోజు కేంపులో కూడా అంతా తెలిసినట్టే చెప్పారు గదా!"

ప్రభుదాసు పండగ అయ్యాక ఆసుపత్రికి రమ్మని, మందు గొట్టాలు మూడు ఇచ్చి వెళ్ళాడు. వెళ్ళే ముందు ఆ మోళ్ళను తన దగ్గరున్న సన్నటి శ్రావణంతో ఒక్కొక్కటే తీశాడు. పదకొండు వచ్చాయి.

పండగ దాకా ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తలేదు. పండగ రోజు పిల్లలు సుర్మా అడిగితే సైదాబీ లేదంది. పుల్ల విరిచి పొయ్యిలో పడేసిన సంగతి చెప్పలేదు. కొత్త బట్టలేసుకున్న కరీంబీ సుర్మా లేకుండా బోసిగా కనిపిస్తోందని చుట్టాలావిడ ఒకామె అంది. కరీంబీ లోపలికి పోయి పసుపురంగు పూతమందు వేసుకొని, కళ్ళు జిగురుజిగురుగా పెట్టుకొని వచ్చి సేమ్యా వడ్డించింది.

మూడో రోజు పొద్దున సైదాబీ వాకిట్లో కూర్చుంటే కరీంబీ శ్రావణం తెచ్చింది. రెప్ప పట్టుకొని చూసి, రెండు నిమిషాలు వెతికి, శ్రావణం కింద పెట్టింది. మందు జిడ్డుకు తన కళ్ళే మసకగా ఉన్నాయి, వెంట్రుక కనిపించడం లేదు.

"ఆరు వారాలే గదే. తర్వాత కనపడద్ది."

"కనపడద్దిలే. కనపడకపోతే నీకు ఎవరు పీకుతారు, నాకు ఎవరు పీకుతారు?"

సైదాబీ ఆ రోజు మధ్యాహ్నం తనే నడుచుకుంటూ ఆసుపత్రికి వెళ్ళింది. ప్రభుదాసు బెజవాడ ఆసుపత్రికి ఉత్తరం రాస్తుంటే ఎదురుగా కూర్చుని అడిగింది.

"ఎన్ని కుట్లు పడతాయి సార్?"

"మూడు."

"ఏం దారం?"

"నల్ల సిల్కు."

"సిల్కు జారిద్ది. ముడి రెండుసార్లు వెయ్యమని రాయండి."

ప్రభుదాసు నవ్వాడు గానీ రాశాడు. సాయంత్రం ఆ ఉత్తరం పట్టుకొని ఆజం మళ్ళీ ఆసుపత్రికి వచ్చాడు. గుమ్మం బయటే నిలబడి, కంటికి మాత్రమే అని తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి, ముద్ర వేసి ఇమ్మన్నాడు. ఇంగ్లీషు చీటీ ఒకసారి నమ్మాం చాలన్నాడు. ప్రభుదాసు రాసి, ముద్ర వేసి ఇచ్చాడు. ఆజం దాన్ని చదువు వచ్చిన ఇద్దరు జట్కావాళ్ళ చేత విడివిడిగా చదివించుకున్నాడు. ఇద్దరూ ఒకే మాట చెప్పాక, అక్టోబరు రెండో వారంలో తల్లినీ కూతుర్నీ మైలవరం మీదుగా పోయే బెజవాడ బస్సు ఎక్కించాడు. తను ఎక్కలేదు. బస్సు కదిలేటప్పుడు కిటికీ దగ్గరికి పరిగెత్తుకొచ్చి, "ముందు కాయితం చూపించు, తర్వాతే బల్ల ఎక్కు" అని అరిచాడు.

ఆపరేషన్ ప్రభుదాసు చెప్పినట్టే అరగంటలో అయింది. ఎనిమిదో రోజున మూడు కుట్లూ తీశారు. కుట్లు తీసిన నర్సును దారం ముక్క చూపించమని అడిగి, ముడులు లెక్కపెట్టుకుందట సైదాబీ. కరీంబీ వచ్చాక సందంతా చెప్పింది.

వెంట్రుకలు బయటికి తిరిగాయి. నొప్పి పోయింది. ఎన్నాళ్ళ తర్వాతో ఆమె పొద్దున లేచి, వెంట్రుకలు పీకించుకోకుండానే ఆ కన్ను హాయిగా తెరిచింది. నవంబరులో ప్రభుదాసు గోడకు అంకెల అట్ట తగిలించి చూశాడు. కుడికంటితో మూడో వరస దాకా చదివింది. ఆపరేషన్‌కు ముందూ మూడో వరసే. ఒక్క వరస కూడా పెరగలేదు.

"మరి చేయించి లాభమేంటి సార్?"

"ఉన్నది ఉంటుంది. ఇంకా పోకుండా ఆగుతుంది. పోయింది రాదు. రెప్ప మళ్ళీ తిరగొచ్చు కూడా, ఏడాదికోసారి చూపించుకోవాలి."

ఎడమ కంటికి కూడా చేయిస్తే నొప్పి తగ్గుతుందన్నాడు. సైదాబీ, "ఆ కంటికి ఇంకేం కుట్లు" అని లేచి వచ్చేసింది.

సూదిలో దారం ఎక్కించడానికి నాలుగైదు సార్లు పట్టేది. రోజుకు పదిహేను కాజాలు తేలేవి. కమాలుద్దీన్ దుకాణానికి పిలిచి చాలాసేపు పండగ బట్టల సంగతులు మాట్లాడి, చివర్లో చెప్పాడు. "కాజాలు కరీంబీ చేత కుట్టించు సైదాబీ. హుక్కులు, అంచులు నువ్వు చూసుకో. పేరు నీదే ఉంటదిలే." ఆమె సరేనంది. కూతురు కుట్టిన ప్రతి కాజానూ తిరగేసి, వేలితో వెనకవైపు తడిమి గానీ మూట కట్టనిచ్చేది కాదు. కరీంబీ ఆరు వారాల మందు పూర్తయింది. ప్రభుదాసు రెప్ప తిరగేసి చూస్తే సగ్గుబియ్యం గింజలు చాలావరకు అణిగిపోయాయి. ఇంకో రెండు వారాలు వెయ్యమన్నాడు. పుల్లమ్మ మళ్ళీ రావడం మొదలుపెట్టింది. కన్ను సంగతి మాత్రం ఎత్తేది కాదు.

నవంబరు నెలాఖర్లో ఒక రోజు జగన్నాథరావు నెమలి అనే ఊళ్ళో గుడికి వెళ్ళి వస్తూ బస్టాండులో ఆజం జట్కా ఎక్కాడు. సగం దారిలో ఆజం గుర్రాన్ని ఆపాడు. జేబులోంచి పాత చీటీ తీసి వెనక్కి ఇచ్చాడు.

"మాస్టారూ, ఇది కాస్త చదివి పెట్టండి."

జగన్నాథరావు కళ్ళజోడు పెట్టుకొని చదివాడు. పైన తారీఖు చూశాడు.

"ఇది మీ ఆవిడదా?"

"ఆమెదే. మీరు చదివిందే."

మాస్టారు కళ్ళజోడు తీసి చీటీ మడత పెట్టాడు. "ఇందులో ఉన్న మాట నాకు అప్పుడు తెలీదు ఆజం. శుక్లానికి రాసే మాటలు నాలుగు తెలుసు, అంతే."

"తెలీదు అనొచ్చుగా."

"వెనకాల వందమంది ఉన్నారయ్యా. పొద్దుటి నుంచి అందరికీ నేనే చెబుతున్నా. తెలీదని ఎట్లా..."

ఆజం గుర్రాన్ని అదిలించాడు. మాస్టారింటి ముందు ఆపాడు. ఎప్పుడూ చెయ్యి పట్టి దించేవాడు, ఆ రోజు ముందుకే చూస్తూ కూర్చున్నాడు. ముసలాయన తనే మెల్లగా దిగాడు.

మర్నాడు జగన్నాథరావు రెండేళ్ళ శిబిరాల నోటుబుక్కు చంకలో పెట్టుకొని ఆసుపత్రికి వెళ్ళాడు. చీటీ చదివి చెప్పిన ప్రతి మనిషి పేరూ, ఊరూ, ఏం చెప్పిందీ తన దస్తూరీతో వరసగా రాసిపెట్టుకున్నాడు. ముదరలేదు అని రాసిన పేర్లకు ఎర్రసిరాతో గీతలు పెట్టుకొని వచ్చాడు. అవి అరవై మూడు. సైదాబీది ఇరవై ఏడోది. వాళ్ళలో ఎందరి చీటీలు తనకు అర్థమయ్యాయో, ఎందరివి కాలేదో చెప్పలేనన్నాడు. ఊళ్ళో పేర్లకు ప్రభుదాసు తన సైకిలు మీద, ఊరి బయటి పేర్లకు ఆజం జట్కా మీద తిరిగాడు. జట్కాలో మాస్టారు కూడా ఉండేవాడు, ఇళ్ళు గుర్తుపట్టడానికి.

డిసెంబరు శిబిరం మొదలయ్యేలోపు నలభై ఒక్కమంది దొరికారు. అందులో శుక్లం కానివి తొమ్మిది. ఆ తొమ్మిదిమందిలో రెండో కన్ను ఇంకా పనికొచ్చేవాళ్ళు, సైదాబీతో కలిపి, నలుగురు.